యోనా అధ్యాయం చూపించి తమ్ముడు పని మానేస్తానంటున్నాడు, పాత నిబంధనలో పిలుపు ఇలాగే ఉంటుందా?

గాజువాక అక్క

అందరికీ వందనాలు. కాస్త పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి.

మా తమ్ముడు ఐటీఐ చేసిన వెల్డరు. ఇక్కడే ఒక షిప్ రిపేరు కాంట్రాక్టరు దగ్గర చేస్తున్నాడు. పని బాగా చేస్తాడని పేరుంది, ఈ మధ్యే జీతం పెంచుతామన్నారు, ఇంట్లో సంబంధాలు కూడా చూడటం మొదలుపెట్టాం. సరిగ్గా అప్పుడే ఉపవాస కూడికలకి వెళ్లొచ్చి "అక్కా, దేవుడు నన్ను సేవకి పిలిచాడు, పని మానేస్తున్నా" అన్నాడు. ఎలా పిలిచాడురా అంటే ప్రార్థన చేసుకుని బైబిల్ తెరిస్తే యోనా మొదటి అధ్యాయం వచ్చిందట. దేవుడు నీనెవెకి వెళ్లమంటే పారిపోయి తర్షీషు ఓడ ఎక్కిన యోనా గతి ఏమైందో చూశావుగా, నేను ఇప్పుడు పారిపోతే తుఫాను నా ఒక్కడితో పోదు, ఓడలో ఉన్నవాళ్లందరి మీదకీ వస్తుంది, అంటే మీ మీదకి, అని వాడి వాదన. హుద్‌హుద్‌లో మా ఇంటి రేకులు లేచిపోయాయి, వాడు అప్పుడు హైస్కూల్లో ఉన్నాడు, కాబట్టి తుఫాను అనే మాట వాడు ఊరికే అనడు. అమ్మ ఏడుస్తోంది. నాన్న పైకి "దేవుడి పని కదా, కాదనకూడదు" అంటారు గానీ తెల్లవార్లూ వరండాలో తిరుగుతూనే ఉంటారు.

నేను సండే స్కూల్లో పిల్లలకి చెబుతాను కాబట్టి ఇంట్లో అందరూ నన్నే తేల్చమంటున్నారు. యెషయా ఆరో అధ్యాయంలోని "నేనున్నాను, నన్ను పంపుము" అన్న మాట పిల్లల చేత చేతులెత్తించి ఎన్నిసార్లు చెప్పించానో. ఈసారి దాని కింద వచనాలు కూడా చదివాను, టెన్షన్ ఇంకా పెరిగింది. జనం వినరు, వాళ్లకి అర్థం కాదు, ఊళ్లు పాడైపోయేదాకా ఇలాగే ఉంటుంది అని ఉంది అక్కడ. పంపుతూనే ఆ మాట చెప్పడమేంటి?

తెలిసినవాళ్లు చెప్పండి. పాత నిబంధనలో దేవుడు పంపడం అంటే అసలు ఏంటి, అది అందరికీ వస్తుందా, వచ్చినప్పుడు కాదంటే నిజంగా శిక్షేనా, వచ్చింది నిజమో మన ఊహో ఎలా తెలుసుకునేవాళ్లు? "ప్రార్థన చేసుకోండి" అని మాత్రం రాయకండి దయచేసి, అది చేస్తూనే ఉన్నాం.

పాతపట్నం మాస్టారు

అమ్మా, ముందు శిక్ష సంగతి చూద్దాం, ఎందుకంటే ఇంట్లో అందరినీ కదిపింది అదే. దేవుడు వెళ్లమంటే నా వల్ల కాదన్నవాళ్లు లేఖనాల్లో చాలామందే ఉన్నారు, అందులో పెద్దవాడు మోషేయే. నిర్గమకాండము 3, 4 అధ్యాయాలు తమ్ముడి పక్కన కూర్చుని గట్టిగా చదవండి. మండుతున్న పొద దగ్గర నిలబడి మోషే ఒకదాని తర్వాత ఒకటిగా ఐదు అడ్డాలు చెబుతాడు. ఐగుప్తు రాజు ఫరో దగ్గరికి వెళ్లడానికి నేనెంతటివాణ్ణి అంటాడు, నిన్ను పంపింది ఎవరని అడిగితే ఏం పేరు చెప్పను అంటాడు, నమ్మకపోతే నా గతేంటి అంటాడు, నాకు నోరు తిరగదు అంటాడు, అన్నిటికీ జవాబు వచ్చాక ఇంక చెప్పడానికేమీ లేక వేరే ఎవరినైనా పంపు ప్రభూ అంటాడు. అప్పుడు దేవుడికి కోపం వచ్చిందని స్పష్టంగానే రాసి ఉంది. కోపం వచ్చి ఏం చేశాడు? మాట్లాడటానికి అన్న అహరోనుని తోడిచ్చాడు, అంతే. ఫరో ముందు నిలబడేటప్పటికి మోషేకి 80 ఏళ్లు, అన్న అహరోనుకి 83.

గిద్యోను అయితే మిద్యానీయులకి భయపడి ద్రాక్ష గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్నాడు, నువ్వు పరాక్రమశాలివి అని దూత పలకరిస్తే మా వంశమే బలహీనమైనది, మా ఇంట్లో నేనే కడగొట్టువాణ్ణి అన్నాడు, అది చాలక గొర్రె బొచ్చు పరిచి ఒకరాత్రి బొచ్చు తడవాలి, మర్నాడు రాత్రి నేల తడవాలి అని పరీక్ష పెట్టాడు. అనాతోతు యాజకుల ఇంటి పిల్లాడు యిర్మీయా నేను చిన్నవాణ్ణి, మాట్లాడటం చేతకాదు అన్నాడు. సౌలుని రాజుగా పిలిచేసరికి సామాను మధ్య దాక్కున్నాడు. వీళ్లలో ఒక్కరి మీదకీ తుఫాను రాలేదమ్మా. నిజం చెప్పాలంటే గబుక్కున ముందుకొచ్చినవాడి కంటే వెనకాడినవాణ్ణే ఆ రచయితలు ఎక్కువ నమ్మినట్టు నాకు అనిపిస్తుంది.

తుఫాను యోనా ఒక్కడికే వచ్చింది. అతను మోషేలా వాదించనేలేదు, ఒక్క మాట కూడా చెప్పకుండా యొప్పే రేవుకి దిగి కేవు, అంటే ఓడ చార్జీ, ఇచ్చి ఓడ ఎక్కేశాడు. ఎందుకు పారిపోయాడో మొదటి అధ్యాయంలో ఉండదు, నాలుగో అధ్యాయం దాకా ఆ సంగతి దాచి ఉంచాడు ఆ కథ చెప్పినాయన. అక్కడ యోనా తన నోటితో చెబుతాడు: నువ్వు జాలిగలవాడివని, కోపం వదిలేసేవాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అని. నీనెవె అంటే అష్షూరు వాళ్ల పట్టణం, ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని క్రీ.పూ. 722 ప్రాంతంలో తుడిచిపెట్టింది ఆ అష్షూరే. అలాంటి శత్రువు బాగుపడిపోతాడేమోనని యోనా బాధ. ఇంకా నలభై రోజులకి నీనెవె నాశనం అని ఒక్క ముక్క చెప్పాడు, రాజు దగ్గర్నుంచి పశువుల దాకా అందరూ గోనెపట్ట కట్టుకున్నారు, ఏ ప్రవక్తకీ ఇంత ఫలితం రాలేదు, ఈయనేమో ఊరి బయట సొరచెట్టు కింద మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలమంది, బోలెడు పశువులు ఉన్న ఊరి మీద నేను జాలిపడకూడదా అన్న ప్రశ్నతో పుస్తకం ఆగిపోతుంది. తమ్ముడు ఆగింది మొదటి అధ్యాయం దగ్గర, మిగతా మూడూ చదవడానికి పావుగంట పట్టదు.

ఇక నేను అతన్ని అడిగేది ఒకటే. నిన్ను ఎవరి దగ్గరికి పంపాడు, ఏం చెప్పమన్నాడు? మోషేని ఫరో దగ్గరికి పంపాడు, జనాన్ని వదలమని చెప్పడానికి. నాతానుని దావీదు దగ్గరికి పంపాడు, ఊరియా భార్యని తెచ్చుకున్న విషయం నిలదీయడానికి. ఆమోసుని బేతేలుకి పంపాడు. ఎక్కడ చూసినా మనిషి ఉంటాడు, ఊరుంటుంది, చెప్పాల్సిన మాట ఉంటుంది. ఊరికే "సేవకి పంపాను" అని ఎక్కడా లేదు. వెళ్లాల్సిన చోటు తెలియకుండా పని మానేయడం అంటే పైన అడ్రసు రాయకుండా ఉత్తరం పోస్టు డబ్బాలో వేయడమే.

ఓడ మనిషి

ఏటండీ, యోనా అనగానే అందరూ ఆయన్ని మింగిన చేప మీద పడిపోతారు. నేను మర్చంట్ నేవీలో ఉన్నాను, మాది జాలరి కుటుంబం, మా ఇంట్లో ఆ కథ వినేటప్పుడు మేం ఓడవాళ్ల వైపే ఉంటాం. మొదటి అధ్యాయంలో మంచివాళ్లు ఎవరో చూడండి. గాలి లేవగానే ఎవరి దేవుడికి వాళ్లు మొక్కుకుని సరుకంతా సముద్రంలో పారేశారు, అంటే వాళ్ల కూలి డబ్బులు నీళ్లపాలు చేసుకున్నారు. ఆ టైములో యోనా కింద అడుగు భాగంలో గుర్రు పెట్టి నిద్ర. చీట్లు వేసి ఈయన వల్లే అని తేలాక, నన్ను ఎత్తి పడేయండి అని ఆయనే చెప్పాక కూడా వాళ్లు పడేయలేదు, తెడ్లు వేసి ఒడ్డుకి తీసుకెళ్లాలని చూశారు. ఆ సముద్రంలో ఒడ్డు వైపు తెడ్డు వేయడం ఎంత ప్రాణాంతకమో మా వాళ్లని అడగండి, గట్టు దగ్గరే ఓడ ముక్కలవుతుంది. ముక్కూ మొహం తెలియని ఒకడి ప్రాణం కోసం అంత పని చేశారు, అదీ వేరే దేవుళ్లని కొలిచేవాళ్లు.

కాబట్టి "ఓడలో ఉన్నవాళ్ల మీదకి తుఫాను" అని అక్కని, అమ్మని భయపెట్టడం ఆ కథకి తగదు. ఓడలోవాళ్లలో ఒక్కడూ చావలేదు, యోనా కూడా చావలేదు. ఇంకో విషయం, వెల్డింగు తెలిసిన కుర్రాళ్లు దొరక్క డాక్‌లో పని ఆగిపోతున్న రోజులివి, ఆ చెయ్యి ఊరికే పోగొట్టుకోవద్దని నా తరఫున చెప్పండి.

సీతమ్మధార నుంచి

ఉద్యోగం చేసుకుంటూనే ఆదివారాలు సేవ చేసుకోవచ్చు కదా. దీనికి ఇంత చర్చ ఎందుకు?

గాజువాక అక్క

@సీతమ్మధార నుంచి, అదే అన్నాం. "రెండు పడవల మీద కాళ్లు పెట్టమంటావా" అన్నాడు. షిఫ్టులు మారినప్పుడు ఆదివారం కూడా డ్యూటీ పడుతుంది, అది కూడా ఒక కారణం అనుకోండి.

మాస్టారూ, ఎవరి దగ్గరికి అన్న ప్రశ్న అడిగాను. "ఏజెన్సీ వైపు" అన్నాడు. ఏ ఊరు అంటే చెప్పలేకపోయాడు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు, నాకే జాలేసింది.

పాస్టరుగారి అమ్మాయి

పైన రాసినవన్నీ బాగున్నాయి గానీ అందరూ కలిసి ఆ అబ్బాయిని ఇంట్లో కూర్చోబెట్టేలా ఉన్నారు. లేఖనాల్లో రెండో వైపు కూడా ఉంది. యిర్మీయా ఇరవయ్యో అధ్యాయం చదవండి. నన్ను మోసం చేశావు ప్రభూ, రోజంతా నవ్వులపాలయ్యాను, ఇంక ఆయన పేరు ఎత్తను అనుకుంటే ఎముకల్లో మూసిపెట్టిన నిప్పులా ఉంది, ఆపుకోలేకపోతున్నాను అంటాడు. పుట్టిన రోజుని తిట్టుకుంటాడు. అది సరదాకి బైబిల్ తెరిచి చూసుకున్న మాట కాదు. ఆ అబ్బాయికి అలాంటి నిప్పే ఉంటే మనం ఎన్ని వచనాలు చూపించినా ఆరదు. ఎలీషా సంగతీ అంతే. పన్నెండు అరకలతో దున్నుతున్న పొలం నడుమ, అంటే బాగా కలిగినవాళ్ల పిల్లాడు, ప్రవక్త ఏలీయా వచ్చి తన దుప్పటి అతని మీద వేసి వెళ్లిపోతే, ఎడ్లని కోసి, కాడి కర్రలే పొయ్యిలో పెట్టి వండి, ఊళ్లోవాళ్లకి భోజనం పెట్టి వెంట నడిచాడు. తాను దున్నే ఆ జత ఎడ్లనీ, కాడినీ మిగల్చుకోలేదు. ఇది కూడా అదే పాత నిబంధన.

అయితే అక్కడే ఒక మాట ఉంది, మా నాన్నగారు ప్రసంగాల్లో ఎప్పుడూ చెప్పేవారు కాదు. నా తల్లిదండ్రుల్ని ముద్దుపెట్టుకుని వస్తాను అని ఎలీషా అడుగుతాడు. ఏలీయా వెళ్లు అంటాడు, నేను నిన్నేం చేశాను అంటాడు. పట్టుకుని లాగలేదు, బెదిరించలేదు. ఇంట్లో చెప్పి, ఇంటివాళ్లకి పెట్టి బయల్దేరాడు ఎలీషా.

నేను పుట్టకముందే మా నాన్న గుమాస్తా ఉద్యోగం వదిలి సేవలోకి వచ్చారు. నాకు ఆయనంటే గౌరవం, అబద్ధం చెప్పను. కానీ ఫీజు కట్టే నెలల్లో అమ్మ ఎవరెవరి ఇంటికి వెళ్లేదో నాకు తెలుసు. పిలుపు ఒకరికి వస్తుంది, ఖర్చు ఇంటిల్లిపాదీ కడతారు. ఇది కూడా లేఖనాల్లో దాచలేదు. యిర్మీయాని పెళ్లే చేసుకోవద్దన్నాడు దేవుడు. యెహెజ్కేలు భార్య పొద్దున ఉంది, సాయంత్రానికి చనిపోయింది, ఏడవొద్దని ఆజ్ఞ. హోషేయ ఇల్లు ఊరందరి నోళ్లలో పడింది. కాబట్టి తమ్ముడు నిజంగా వెళ్లేవాడైతే ముందు సంబంధాలు చూడటం ఆపండి, లేదా వచ్చే పిల్లకి ఇదంతా ముందే చెప్పండి. రేపు వచ్చే అమ్మాయిని ఎవరూ అడగట్లేదు ఈ చర్చలో, అది నా బాధ.

కంచరపాలెం కుర్రాడు

నేను క్రిస్టియన్‌ని కాదు, మా ఫ్రెండు లింకు పంపితే చదువుతున్నా. చిన్న డౌటు. అర్జునుడు కూడా యుద్ధం మొదట్లో విల్లు కింద పెట్టేశాడు, కృష్ణుడు అంతసేపు చెబితే గానీ లేవలేదు. అక్కడ కనీసం అది అతని క్షత్రియ ధర్మం అనే కారణం ఉంది. ఇక్కడ నోరు తిరగనివాడిని, భయపడేవాడిని, పారిపోయేవాడిని ఏరి ఏరి పంపడం ఎందుకు? చేతనైనవాళ్లు లేరా ఆ ఊళ్లో?

పాతపట్నం మాస్టారు

బాబూ మంచి ప్రశ్న. గిద్యోను కథలోనే జవాబు ఉంది. యుద్ధానికి ముప్పై రెండు వేలమంది వస్తే దేవుడు ఎక్కువయ్యారన్నాడు, మా చేతి బలంతో గెలిచాం అని తర్వాత చెప్పుకుంటారని. తగ్గించి తగ్గించి 300 మందితో పంపాడు. గెలుపు పంపబడినవాడి గొప్పతనం వల్లే అని ఎవరూ అనుకోకుండా చేయడం అది. వంశాన్ని బట్టి కూడా కాదు. ఆమోసు తెకోవలో గొర్రెలు కాచుకుంటూ మేడిపండ్లు ఏరుకునేవాడు. బేతేలు గుడి యాజకుడు అమజ్యా వచ్చి, నీ యూదా దేశానికి పో, అక్కడే చెప్పుకుని బతుకు అని వెటకారం చేస్తే, నేను ప్రవక్తనీ కాదు, ప్రవక్త శిష్యుణ్ణీ కాదు, నాకు నా పని ఉంది అన్నాడు. చెప్పడం నాకు బతుకుతెరువు కాదని ఆ మాటకి అర్థం. తిండి కోసం చెబుతున్నాడన్న నింద అప్పుడే ఉంది చూడండి.

అమ్మాయి రాసిన మాటలు చదివాను, ఒప్పుకుంటాను, పెళ్లి సంగతి నాకు తట్టలేదు. కానీ ఎముకల్లో నిప్పు అన్న మాట యిర్మీయా అన్నది చాలా ఏళ్లు దెబ్బలు తిన్నాక, కాళ్లకి బొండ కొయ్య వేయించుకున్నాక. మొదటి రోజు అనలేదు. నిప్పు ఉందో లేదో కూడికలు ముగిసిన మర్నాడే తేలదు కదా. అలాగే నిజమో కాదో తేల్చే పద్ధతి గురించి అక్క అడిగింది. యిర్మీయా 28లో హనన్యా అనే ప్రవక్త కూడా యెహోవా పేరుతోనే మాట్లాడాడు, రెండేళ్లలో బబులోను కాడి, అంటే వాళ్ల పెత్తనం, విరిగిపోతుంది అన్నాడు, జనానికి చాలా సంతోషం కలిగించే మాట. యిర్మీయా ఏమన్నాడో తెలుసా? ఆమేన్, అలాగే జరగాలి అన్నాడు. నీది అబద్ధం అని వెంటనే మీద పడలేదు. క్షేమమని చెప్పినవాడి మాట నెరవేరినప్పుడే వాణ్ణి దేవుడు పంపాడని తెలుస్తుంది అని చెప్పి తన దారిన వెళ్లిపోయాడు. ద్వితీయోపదేశకాండము 18 చెప్పేదీ అదే, జరగకపోతే దేవుడు చెప్పలేదని. యిర్మీయా అంతటివాడే ఆగి చూశాడు. ఇక బాల సమూయేలు మూడుసార్లు పిలుపు విని కూడా యాజకుడు ఏలీ పిలిచాడనుకుని పరుగెత్తాడు, అది ఎవరి గొంతో గుర్తుపట్టింది ముసలి ఏలీ. పక్కన పెద్దవాడు లేకుండా సమూయేలుకి తెలిసేదే కాదు.

వాల్తేరు విద్యార్థి

ఏయూలో తత్వశాస్త్రం చదువుతున్నాను, యూదు మత గ్రంథాల మీద కొంచెం పని చేశాను. ఒక కోణం ఎవరూ తేలేదు కాబట్టి రాస్తున్నా.

మనం పాత నిబంధన అని చదివేదాన్ని యూదులు తమ సంప్రదాయంలో వేరేలా చదువుతారు. వాళ్లకి "నన్ను దేవుడు వ్యక్తిగతంగా ఫుల్‌టైమ్ పనికి పిలిచాడా" అన్న ప్రశ్న మన దగ్గర ఉన్నంత పెద్దది కాదు. హగ్గయి, జెకర్యా, మలాకీలతో ప్రవచనం ఆగిపోయిందని తల్మూదు అనే వాళ్ల మత గ్రంథంలో ఉంది. పని అప్పగించింది ముఖ్యంగా జనమంతటికీ: సీనాయి దగ్గర, నిర్గమకాండము 19లో, మీరు నాకు యాజక రాజ్యంగా ఉండాలి అన్నాడు. అబ్రాహాముతో నీ వల్ల భూమి మీది వంశాలన్నీ దీవెన పొందుతాయి అన్నది ఆదికాండము 12. యెషయా 49లో సేవకుణ్ణి జనాలకి వెలుగుగా ఉంచుతాను అంటాడు, ఆ సేవకుడు ఇశ్రాయేలు జనమే అని యూదు వ్యాఖ్యాతలు చాలామంది చెబుతారు, క్రైస్తవులు యేసు అంటారు. ఎవరు చెప్పినా ఆ పని మతం మార్చడానికి ఊళ్లు తిరగడం అన్న అర్థంలో అక్కడ కనిపించదు. ప్రవక్తల్ని పంపింది చాలామట్టుకు సొంత రాజుల దగ్గరికి, సొంత జనం దగ్గరికి. యెహెజ్కేలుతో అయితే సూటిగానే అంటాడు, తెలియని భాష వాళ్ల దగ్గరికి నిన్ను పంపలేదు, పంపి ఉంటే వాళ్లు వినేవాళ్లే, మీవాళ్లే వినరు అని. యోనా ఒక మినహాయింపు, అందుకే కాబోలు ఆ పుస్తకాన్ని యోమ్ కిప్పూర్ అనే ఉపవాస దినాన మధ్యాహ్నం సమాజ మందిరంలో పూర్తిగా చదువుతారు. పశ్చాత్తాపపడితే శత్రువుకైనా క్షమాపణ ఉంటుందని వినడానికి. ఎవరినీ ఎక్కడికీ పంపడానికి కాదు.

పంపబడ్డానని తెలియకుండానే పని చేసినవాళ్లు కూడా ఉన్నారు. పారసీక రాజు కోరెషుని యెషయా 45లో దేవుడు అభిషిక్తుడు అని పిలుస్తాడు, నువ్వు నన్ను ఎరగకపోయినా అని రెండుసార్లు అంటాడు. బబులోనులో ఉన్న యూదుల్ని తిరిగి వెళ్లనిచ్చింది ఆయనే, క్రీ.పూ. 538లో. ఎస్తేరు గ్రంథం హెబ్రీ మూలంలో దేవుడి పేరే లేదు, స్వరం లేదు, దర్శనం లేదు, ఎస్తేరుని పెంచిన మొర్దెకై మాత్రం ఆమెతో ఇలాంటి సమయం కోసమే నువ్వు రాణివయ్యావేమో ఎవరికి తెలుసు అంటాడు. "ఏమో" అంటాడు గమనించండి. నువ్వు ఊరుకుంటే సహాయం ఇంకో చోటు నుంచి వస్తుంది అని కూడా అంటాడు.

తమ్ముడు వెల్డరు అన్నారు కదా, నిర్గమకాండము 31 చూపించండి. పేరు పెట్టి పిలిచి దేవుని ఆత్మతో నింపాను అని దేవుడు చెప్పిన మనిషి బెసలేలు. ప్రసంగీకుడు కాదు, బంగారం, వెండి, ఇత్తడి, రాళ్లు, చెక్క పని చేసేవాడు. ప్రత్యక్ష గుడారం, అంటే ఆరాధన కోసం వేసే డేరా, ఆ పనికి పిలిచారు. అతని పక్కన అహోలీయాబు. చేతిపని వదిలేస్తేనే పిలుపు అనుకునేవాళ్లు ఈ పేజీ ఎందుకు తిప్పేస్తారో నాకు అర్థం కాదు.

ఓడ మనిషి

బెసలేలు అదుర్స్. ఇది మా డాక్‌లో గోడ మీద రాయించాలి.

పాస్టరుగారి అమ్మాయి

@వాల్తేరు విద్యార్థి, మతం మార్చడానికి ఊళ్లు తిరగడం లేదు అన్నారు, హెబ్రీ లేఖనాల వరకు సరే. కానీ అలా తిరిగినవాళ్లు లేకపోతే మీరు ఇవన్నీ తెలుగులో చదివేవారు కాదు. 1805లో జార్జ్ క్రాన్, డెస్ గ్రాంజస్ అనే ఇద్దరు లండన్ మిషన్ వాళ్లు దిగింది మన విశాఖపట్నంలోనే. ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగు చేశారు. క్రాన్ 1809లో పోయాడు, డెస్ గ్రాంజస్ 1810లో పోయాడు, ఆ సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరూ పుస్తకం చూడలేదు. యెషయా ఆరో అధ్యాయం గురించి అక్క అడిగినదానికి నాకు తోచే జవాబు ఇక్కడే ఉంది: ఫలితం పంపబడినవాడి చేతిలో పెట్టలేదు. జనం వినరని ముందే చెప్పి పంపాడు, ఉజ్జియా రాజు చనిపోయిన ఏడు అది, కళ్లముందు సింహాసనం, దూతలు కనిపించాక "నన్ను పంపు" అన్నాడు యెషయా, ఆ తర్వాతే ఎక్కడికి, ఎందుకు అన్నది తెలిసింది. ఎన్నాళ్లు ప్రభూ అని అడిగాడు. అది నిరుత్సాహంతో అడిగిన మాటే. పిల్లలకి ఆ భాగం కూడా చెప్పండి అక్కా, పెద్దయ్యాక ఎవరూ వినలేదని మంచం పట్టకుండా ఉంటారు. మోషే కూడా నెబో కొండ మీద నుంచి చూశాడు గానీ యొర్దాను దాటలేదు.

గాజువాక అక్క

అందరికీ పేరు పేరునా థ్యాంక్స్. యోనా నాలుగు అధ్యాయాలూ నిన్న రాత్రి భోజనాలయ్యాక అందరం కలిసి చదివాం. నాన్న ఓడవాళ్ల దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. తుఫాను మాట వాడు మళ్లీ ఎత్తలేదు. అలాగని మనసు మార్చుకున్నాడనీ కాదు, ఏజెన్సీలో తెలిసిన ఒక పాస్టరు అయ్యగారు ఉన్నారు, ఆయన దగ్గరికి వెళ్లి కొన్నాళ్లు ఉండి చూస్తానంటున్నాడు. పని మానేసి వెళ్లాలా, సెలవు అడగాలా అని ఇప్పుడు గొడవ. సెలవు అడగడం అవిశ్వాసం అంటాడు. దీనికేమైనా ఉందా లేఖనాల్లో?

పాతపట్నం మాస్టారు

ఉందమ్మా, నెహెమ్యా. రాజుకి ద్రాక్షారసం అందించే ఉద్యోగం, షూషను కోటలో. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని విని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు. అతనికి పొద మండలేదు, దూత రాలేదు, నా దేవుడు నా మనసులో పుట్టించాడు అని మాత్రం చెప్పుకుంటాడు. రెండో అధ్యాయంలో రాజు నీకేం కావాలి అంటే, మనసులోనే ప్రార్థన చేసుకుని, నన్ను పంపండి అని రాజునే అడిగాడు. ఎన్నాళ్లు పడుతుంది, ఎప్పుడు తిరిగొస్తావు అని రాజు అడిగితే గడువు చెప్పాడు. దారిలో అధికారులకి చూపించడానికి ఉత్తరాలు రాయించుకున్నాడు, కలప కోసం అడవి అధికారికి ఇంకో ఉత్తరం. అక్కడికి చేరాక కూడా ఎవరికీ చెప్పకుండా రాత్రిపూట ఒక పశువు ఎక్కి గోడల వెంట తిరిగి చూసుకున్నాడు. తర్వాతే మొదలుపెట్టాడు, 52 రోజుల్లో గోడ లేచింది. ఏళ్ల తర్వాత మళ్లీ రాజు దగ్గరికి వెళ్లాడని పదమూడో అధ్యాయంలో ఉంది. సెలవు అడగడం అవిశ్వాసమైతే ఆ పుస్తకం బైబిల్లో ఉండకూడదు.

పాస్టరుగారి అమ్మాయి

సెలవు చీటీ రాసేటప్పుడు తిరిగొచ్చే తేదీ కూడా వేయమనండి. ఏజెన్సీలో ఉండే అయ్యగారి ఫోను నంబరు మీ అమ్మగారి దగ్గర ఉంచండి, ఆయనతో ముందు నాన్నగారిని మాట్లాడమనండి. వానాకాలం అయితే దోమతెర తప్పకుండా పెట్టుకోమనండి, అటువైపు మలేరియా ఎక్కువ.